ఎలుక జ్వరం: వరద తీశాక ఎందుకొస్తుంది? ఎలా సోకుతుంది?

వానాకాలంలో జ్వరమొస్తే మన అనుమానం ముందుగా దోమ మీదికి పోతుంది. డెంగ్యూ పరీక్ష చేయిస్తారు, లేదంటారు. మలేరియా కూడా లేదంటారు. సరే టైఫాయిడ్ అయ్యుంటుందని నాలుగు రోజులు సెలైన్లు ఎక్కిస్తారు. జ్వరం తగ్గదు సరికదా కళ్లు పచ్చబడతాయి, మూత్రం తగ్గిపోతుంది. ఇలాంటప్పుడు గుర్తుకు రావాల్సిన జబ్బు లెప్టోస్పైరోసిస్. వాడుకలో ఎలుక జ్వరం అంటున్నాం.

2015లో వెలువడిన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 10 లక్షల మందికి పైగా దీని బారిన పడుతున్నారు. దాదాపు 58,900 మంది చనిపోతున్నారు. వాళ్లలో పెద్ద వాటా 20 నుంచి 49 ఏళ్ల మధ్య వయసు మగవాళ్లది, అంటే ఇంటికి సంపాదించి పెట్టేవాళ్లది. దీనికి మందు లేదా అంటే ఉంది. ఖరీదైనదా అంటే కాదు, ఏ మందుల షాపులోనైనా దొరికేదే. అయినా ఇంతమంది ఎందుకు పోతున్నారు? ఒక్కో ప్రశ్నా వేసుకుంటూ వెళ్దాం.

ఎలుకకూ ఈ జ్వరానికీ ఏమిటి సంబంధం?

జబ్బు తెచ్చే బ్యాక్టీరియా పేరు లెప్టోస్పైరా. ఒళ్లంతా మెలికలు తిరిగి, కొసలు కొక్కెంలా వంగి ఉంటుంది. పొడవు 6 నుంచి 20 మైక్రాన్లు. మందం మాత్రం మైక్రాన్‌లో పదో వంతే. అంత సన్నం కాబట్టి మామూలు మైక్రోస్కోపులో కంటికి ఆనదు. వెనుక చీకటి ఉండేలా వెలుతురును పక్కనుంచి వేసే డార్క్‌ఫీల్డ్ మైక్రోస్కోపులో చూస్తే తెల్లగా మెరుస్తూ, తన చుట్టూ తాను గిరగిరా తిరుగుతూ ముందుకు పోవడం కనిపిస్తుంది.

ఇది ఎలుక కిడ్నీల్లో కాపురముంటుంది. కిడ్నీలో మూత్రం తయారయ్యే సన్నటి గొట్టాలుంటాయి. వాటి లోపలి గోడలకు ఈ బ్యాక్టీరియా గుంపులు గుంపులుగా అతుక్కుని పెరుగుతుంది. ఎలుక మూత్రం పోసిన ప్రతిసారీ కొన్ని బయటికొచ్చేస్తాయి. ఒక్క మిల్లీలీటరు మూత్రంలో కోటి దాకా కూడా ఉండొచ్చు. ఒకసారి ఇది చేరిన ఎలుక నెలల తరబడి, చాలాసార్లు బతికినంత కాలమూ, దీన్ని వదులుతూనే ఉంటుంది.

మరి ఎలుక ఎందుకు చావదు?

మనిషి ఒంట్లో పడితే కాలేయాన్నీ, కిడ్నీలనూ, ఊపిరితిత్తులనూ అతలాకుతలం చేసే ఈ బ్యాక్టీరియా ఎలుకను ఏమీ చేయదు. తరతరాలుగా కలిసి బతకడంతో రెండింటికీ ఒక పొత్తు కుదిరింది. ఎలుక రక్తంలో చేరిన బ్యాక్టీరియాను దాని రోగనిరోధక శక్తి కొద్ది రోజుల్లోనే తుడిచిపెడుతుంది. కిడ్నీ గొట్టాల లోపలికి చేరినవాటిని మాత్రం పట్టుకోలేదు. అక్కడున్నవీ ఎలుకకు హాని చేయవు. ఎలుక మామూలుగా తింటుంది, తిరుగుతుంది, పిల్లల్ని పెడుతుంది. అందుకే చూసి చెప్పడానికి లేదు. చురుగ్గా పరుగెత్తే ఎలుకే జబ్బు మోస్తూ ఉండొచ్చు.

మనిషికి ఆ పొత్తు లేదు. మనం దానికి దారి తప్పి దొరికిన చోటు. ఒకరి నుంచి ఒకరికి సోకడం చాలా అరుదు కాబట్టి రోగి పక్కన కూర్చున్నంత మాత్రాన, అన్నం పెట్టినంత మాత్రాన భయపడనక్కర్లేదు.

ఎలుకలొక్కటేనా? గొడ్లూ కుక్కలూ కూడానా?

పేరు ఎలుకదే గానీ పాపం అందరిదీ. పొలం ఎలుకలు, పందికొక్కులు, ఇళ్లలో తిరిగే ఎలుకలు మొదటి వరసలో ఉంటాయి. ఆ తర్వాత పందులు, ఆవులు, గేదెలు, మేకలు, కుక్కలు. లెప్టోస్పైరాలో 250కి పైగా రకాలున్నాయి. ఒక్కో రకానికి ఒక్కో జంతువు మీద మక్కువ. ఎలుకల్లో ఉండే రకం వేరు, కుక్కల్లో ఉండేది వేరు, పశువుల్లో ఎక్కువగా కనిపించేది వేరు. కొన్ని రకాలు పశువులకూ నష్టం చేస్తాయి. చూడి ఆవులు ఈసుకుపోతాయి, పాలు ఉన్నట్టుండి తగ్గిపోతాయి. పశువు ఈసుకుపోతే పడిపోయిన పిండాన్నీ, మాయనూ రైతు ఒట్టి చేతులతో తీసి పారేయడం మామూలే. ఆ చేతులకు గాయముంటే అదీ సోకే దారే.

వానాకాలంలోనే ఎందుకు?

లెప్టోస్పైరాకు పొడి పడదు. ఎండలో ఎండిపోయిన నేల మీద ఎక్కువసేపు నిలవలేదు. పులుపు గుణమున్న నేలలూ, ఉప్పునీళ్లూ, క్లోరినూ దాన్ని చంపేస్తాయి. కాచిన నీళ్లలో బతకదు. అదే తడి నేల, నిలిచిన మంచినీళ్లు, 30 డిగ్రీలకు అటూ ఇటూ వేడి దొరికితే వారాలు, ఒక్కోసారి నెలల పాటు బతికి ఉంటుంది. జూలై నుంచి నవంబరు దాకా మన నాట్లు పడిన పొలాలు, పంట బోదెలు, ఊరి మురుగు కాలువలు అచ్చం ఇలాగే ఉంటాయి.

వరద వస్తే రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. బొరియల్లోకి నీళ్లు చేరి ఎలుకలు బయటపడతాయి. గట్ల మీదికీ, ఇళ్లలోకీ, అటకల మీదికీ, పునరావాస శిబిరాల్లోకీ చేరతాయి. మరోపక్క మురుగు నీరు, పేడగుంటల నీరు, వాన నీరు కలగలిసి వీధంతా ఒకటే నీరవుతుంది. అందులోకి మనిషి దిగక తప్పదు. 2005 జూలై 26న ముంబైలో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఆ నీళ్లు తీశాక ఆగస్టులో నగరంలో లెప్టోస్పైరోసిస్ విరుచుకుపడింది. 1999 ఒడిశా పెను తుపాను తర్వాతా, 2018 ఆగస్టు కేరళ వరదల తర్వాతా ఇదే జరిగింది.

నీళ్లు తీశాక జ్వరమెందుకు?

బ్యాక్టీరియా ఒంట్లో చేరాక జ్వరం బయటపడడానికి మామూలుగా 5 నుంచి 14 రోజులు పడుతుంది. రెండు రోజుల్లో రావచ్చు, నెల దాకా పట్టనూ వచ్చు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగింది. మంచినీళ్ల కోసం, పాల ప్యాకెట్ల కోసం జనం నడుము లోతు నీళ్లలో నడవడం అందరం టీవీల్లో చూశాం. అలాంటి నీళ్లలో మొదటి రోజే ఎవరికైనా ఇది సోకిందనుకుంటే జ్వరం తగిలేది ఆ నెల రెండో వారంలోనో మూడో వారంలోనో. అప్పటికి ఇల్లు కడుక్కోవడం అయిపోయి ఉంటుంది, పనికి వెళ్లడం మొదలై ఉంటుంది. వరదకూ ఈ జ్వరానికీ లంకె ఉందని రోగికే తట్టదు. డాక్టరు అడగకపోతే చెప్పడు కూడా.

ఒంట్లోకి ఎలా పోతుంది? ఆ నీళ్లు తాగితేనేనా?

తాగితే కూడా సోకవచ్చు, నోటి లోపలి పొర మెత్తనిది కాబట్టి. కానీ ఎక్కువమందికి సోకేది చర్మం నుంచి. కాలికి గాజుపెంకు గీసుకున్న గాటు, పగిలిన మడమ, వేళ్ల సందుల్లో పుండు, గీరిన దురద, ఏదైనా చాలు. గంటల తరబడి నీళ్లలో నాని తెల్లబడి ముడతలు పడిన చర్మం కూడా దారి ఇస్తుంది. కళ్లలో పడిన చుక్క, ముక్కులోకి పోయిన నీరు కూడా అంతే.

అందుకే కొన్ని పనుల్లో ముప్పు ఎక్కువ. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మడిలో వంగి నాట్లు వేసే ఆడవాళ్లు, చెరకు నరికేవాళ్లు, పశువుల కొట్టాల్లో పనిచేసేవాళ్లు, కబేళాల్లో పనివాళ్లు, మురుగు తీసే పారిశుద్ధ్య కార్మికులు, చేపల చెరువుల్లో దిగేవాళ్లు. కోస్తా జిల్లాల్లో పొలం ఎలుకలు పట్టే యానాదులు బొరియల్లోకి ఒట్టి చేయి పెట్టే పని చేస్తారు. పంటను కాపాడే ఆ చేతికి తొడుగు ఇచ్చే నాథుడు లేడు. గుజరాత్‌లో సూరత్, నవసారి, వల్సాడ్ జిల్లాల వరి, చెరకు పొలాల్లో ఏటా వానాకాలంలో ఈ జబ్బు కనిపిస్తుంది. కేరళ సంగతి చెప్పనక్కర్లేదు.

దీన్ని ఎవరు, ఎలా పట్టుకున్నారు?

1886లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో అడాల్ఫ్ వైల్ అనే వైద్యుడు ఒక రకం జ్వరం గురించి రాశాడు. కామెర్లు, ఉబ్బిన ప్లీహం, దెబ్బతిన్న కిడ్నీలు, అన్నీ ఒకే రోగిలో. ముదిరిన ఎలుక జ్వరాన్ని డాక్టర్లు ఇప్పటికీ వైల్స్ వ్యాధి అంటారు. కారణం మాత్రం ఆయనకు తెలియలేదు.

కారణం తెలిసింది జపాన్‌లో. క్యూషూ దీవి బొగ్గు గనుల్లో పనివాళ్లు ఇలాంటి జ్వరంతో చనిపోయేవాళ్లు. నీరు ఊరే గనుల్లో కేసులు ఎక్కువ. ర్యుకిచి ఇనాడా, యుతాకా ఇడో అనే వైద్యులు రోగుల రక్తాన్ని గినీ పందులకు ఎక్కించి, వాటి కాలేయంలో మెలికల బ్యాక్టీరియాను చూశారు. ఆ తర్వాత ఎలుకల కిడ్నీల్లోనూ, మూత్రంలోనూ అదే కనిపించింది. 1915, 1916 నాటి మాట ఇది. అదే రోజుల్లో మొదటి ప్రపంచ యుద్ధపు కందకాల్లో నీళ్లలో, ఎలుకల మధ్య రోజులు గడిపిన సైనికులకూ ఇదే జబ్బు వచ్చింది. జర్మన్ వైద్యులు అక్కడ విడిగా ఇదే బ్యాక్టీరియాను కనుక్కున్నారు.

ఈ జబ్బు వేరే జబ్బులా కనిపించి మోసం చేస్తుందనడానికి పెద్ద ఉదాహరణ కూడా ఈ చరిత్రలోనే ఉంది. లెప్టోస్పైరా అని పేరు పెట్టిన హిదేయో నొగుచి గొప్ప శాస్త్రవేత్త. ఎల్లో ఫీవర్‌కు కారణం కూడా లెప్టోస్పైరాయేనని ఆయన గట్టిగా నమ్మాడు. నిజానికి అది వైరస్ జ్వరం. దాన్ని పరిశోధించడానికే పశ్చిమ ఆఫ్రికాలోని ఆక్రాకు వెళ్లి, 1928లో అక్కడే ఎల్లో ఫీవర్‌తో చనిపోయాడు. అంతటివాడే పొరబడ్డాడంటే హడావుడి ఓపీలో డాక్టరు పొరబడడంలో వింతేముంది?

మన దేశంలో అండమాన్ దీవులది పాత కథ. అక్కడ ఈ జబ్బు ఉందని 1930ల్లోనే రుజువైంది. ఆ దీవుల్లో ఊపిరితిత్తుల్లో రక్తస్రావమై జనం చనిపోయిన జ్వరాన్ని కొన్నేళ్లపాటు అండమాన్ రక్తస్రావ జ్వరం అనే పేరుతోనే పిలిచారు. దాని వెనకున్నదీ లెప్టోస్పైరాయేనని తర్వాత తేలింది. శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్)లోని ఐసీఎంఆర్ కేంద్రం ఈ జబ్బు పరిశోధనకు దేశంలోనే పేరుపడింది.

మామూలు జ్వరం నుంచి ఎలా వేరుచేయాలి?

మొదటి రోజున వేరుచేయడం కష్టం. ఉన్నట్టుండి చలితో జ్వరం, తల పగిలిపోయే నొప్పి, వాంతులు, ఒళ్లు నొప్పులు. అయితే రెండు గుర్తులున్నాయి. ఒకటి పిక్కలు. ఒళ్లంతా నొప్పులున్నా పిక్కలూ, నడుమూ విడిగా సలుపుతాయి. పిక్కను చేత్తో కొంచెం నొక్కితే రోగి కాలు లాగేసుకుంటాడు, మంచం దిగి రెండడుగులు వేయలేడు. రెండోది కళ్లు. తెల్లగుడ్డు మీద రక్తనాళాలు ఉబ్బి ఎర్రగా కనిపిస్తాయి, కానీ పుసి కట్టదు, రెప్పలు అతుక్కోవు. కళ్లకలకకూ దీనికీ తేడా అదే. ఈ రెండు గుర్తులూ అందరిలో ఉండవు. ఉంటే మాత్రం అనుమానం బలపడాలి.

చాలామందిలో జ్వరం వారంలోపు దానంతట అదే తగ్గిపోతుంది. కొందరిలో ఒకటి రెండు రోజులు నెమ్మదించి మళ్లీ తిరగబెడుతుంది. పది మందిలో ఒకరికి ముదురుతుంది. కామెర్లు, మూత్రం తగ్గడం, ఆయాసం, దగ్గితే రక్తం. ఊపిరితిత్తుల్లో రక్తస్రావం మొదలైతే సగం మందికి పైగా దక్కరు. కిడ్నీల సంగతి కొంచెం నయం. డయాలసిస్ పెట్టి గండం గట్టెక్కిస్తే చాలామందికి కిడ్నీలు మళ్లీ మామూలుగా పనిచేస్తాయి. డయాలసిస్ అనగానే జీవితాంతం తప్పదని కుంగిపోనక్కర్లేదు.

తగ్గిన కొన్ని నెలలకు కొందరికి కన్ను ఎర్రబడి చూపు మసకబారుతుంది. 1993లో మదురైలో వరదల తర్వాత అరవింద్ కంటి ఆస్పత్రికి ఇలాంటి రోగులు వరసగా వచ్చారు. వెనక్కి వెళ్లి చూస్తే కారణం లెప్టోస్పైరోసిస్ అని తేలింది.

డెంగ్యూతో, కామెర్లతో ఎందుకు పొరబడతారు?

ప్లేట్లెట్లు ఇందులోనూ తగ్గుతాయి. ప్లేట్లెట్లు పడిపోగానే డెంగ్యూ అనేయడం మనకు అలవాటైపోయింది. రక్త పరీక్ష కాగితంలో ఇంకో రెండు వరసలు చదివితే దారి దొరుకుతుంది. డెంగ్యూలో తెల్లకణాలు మామూలుగా తగ్గుతాయి. ఎలుక జ్వరంలో తరచూ పెరుగుతాయి. క్రియాటినిన్ తొలి వారంలోనే పెరుగుతుంటే కిడ్నీల వైపు చూడాలి.

ఇక కామెర్లు. వైరస్ వల్ల వచ్చే కామెర్లలో కాలేయ కణాలు పెద్ద ఎత్తున చనిపోతాయి. వాటిలోని ఎంజైములు రక్తంలోకి కారి ఎస్‌జీపీటీ వేలల్లోకి పోతుంది. లెప్టోస్పైరా పద్ధతి వేరు. కణాలను ఎక్కువగా చంపదు. పక్కపక్క కణాలను కలిపి ఉంచే అతుకులను వదులు చేస్తుంది. ఆ సందుల్లోంచి పైత్యరసం రక్తంలోకి కారుతుంది. అందుకే బిలిరుబిన్ 15, 20 దాకా ఎక్కి ఒళ్లు పసుపు పచ్చగా మారినా ఎస్‌జీపీటీ మాత్రం తరచూ 200 లోపే ఉంటుంది. ఒళ్లు ఇంత పచ్చగా ఉండి ఆ అంకె అంత తక్కువగా ఉందేమిటన్న ప్రశ్న వేసుకున్న డాక్టరు సగం దారి నడిచినట్టే.

మన ఊళ్లలో ఇంకో చిక్కుంది. కళ్లు పచ్చబడగానే ఆస్పత్రి మానేసి పసరు పోయించుకోవడానికి, పథ్యం పట్టడానికి వెళ్తారు. మామూలు వైరస్ కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి కాబట్టి పసరుకు పేరొస్తుంది. జ్వరంతో పాటు వచ్చిన కామెర్లకు ఆ పద్ధతి పనికిరాదు. పథ్యం చేసిన ఆ వారమే కిడ్నీలు దెబ్బతినే వారం.

డాక్టరు గదిలో రెండు మాటలు తేడా ఎలా తెస్తాయో చూడండి. ఇలా సాగే సంభాషణలే ఎక్కువ:

“ఎన్నాళ్లయిందమ్మా జ్వరం?”

“నాలుగు రోజులయ్యా. పిక్కలు పట్టేసి లేవలేకపోతున్నా.”

“సరే, ఈ మాత్రలు వేసుకో. తగ్గకపోతే రా.”

అదే ఇంకొక్క ప్రశ్న వేస్తే:

“ఈ మధ్య ఏం పనికెళ్లావు?”

“నాట్లకెళ్తున్నానయ్యా, పది రోజుల నుంచి. కాలికి కొడవలి గీసుకుంది, అయినా మడిలో దిగక తప్పుతుందా?”

ఆ జవాబు ఏ లాబ్ రిపోర్టు కన్నా ముందే దారి చూపుతుంది.

పరీక్షలో వెంటనే ఎందుకు తేలదు?

మన దగ్గర ఎక్కువగా చేసేది ఐజీఎం ఎలైజా. ఇది బ్యాక్టీరియాను వెతకదు. దాని మీద మన ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలను వెతుకుతుంది. అవి తయారవడానికి 5 నుంచి 7 రోజులు పడుతుంది. మూడో రోజు చేయించి నెగటివ్ వచ్చిందని వదిలేస్తే జబ్బు లేదనుకుని మోసపోతాం. తొలి వారంలో రక్తంలో బ్యాక్టీరియా జన్యుపదార్థాన్ని పట్టే పీసీఆర్ మేలు. అది అన్ని చోట్లా ఉండదు. రక్తాన్ని కల్చర్ చేస్తే ఇది మెల్లగా పెరిగే బ్యాక్టీరియా కాబట్టి వారాల తరబడి ఎదురుచూడాలి. అన్నిటికన్నా నమ్మకమైనదిగా పేరున్న మ్యాట్ పరీక్షలో రోగి సీరమ్‌ను బతికున్న రకరకాల లెప్టోస్పైరాలతో కలిపి, అవి గుంపు కట్టి అతుక్కుంటాయేమో డార్క్‌ఫీల్డ్ మైక్రోస్కోపులో చూస్తారు. ఆ రకాలన్నిటినీ ప్రాణంతో పెంచుకుంటూ ఉండే లాబ్‌లు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

ఈ పరీక్షలన్నీ జబ్బును రుజువు చేయడానికే ఎక్కువ అక్కరకొస్తాయి. మందు మొదలుపెట్టడానికి రుజువు కోసం ఆగకూడదు. జ్వరం తీరు, పిక్కల నొప్పి, ఎర్రకళ్లు, నీళ్లలో తిరిగిన చరిత్ర కలిస్తే చాలు.

మందు ఏమిటి? ఎప్పుడు వేయాలి?

తేలిక జబ్బుకు డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు, వారం పాటు ఇస్తారు. గర్భిణులకూ చిన్నపిల్లలకూ అమాక్సిసిలిన్ లేదా అజిత్రోమైసిన్ వాడతారు. ముదిరితే ఆస్పత్రిలో చేర్చుకుని పెన్సిలిన్ లేదా సెఫ్ట్రియాక్సోన్ నరానికి ఎక్కిస్తారు. ఇవన్నీ దశాబ్దాలుగా ఉన్న మందులే. ఎంత ముందు వేస్తే అంత మేలు. బ్యాక్టీరియా రక్తంలో తిరుగుతున్న తొలి రోజుల్లో మందు పడితే కిడ్నీ, కాలేయం దాకా పోనివ్వదు. ఆ అవయవాలు దెబ్బతిన్నాక మందుతో పాటు ఐసీయూ కూడా కావాల్సి వస్తుంది.

మొదటి మోతాదు పడ్డ కొన్ని గంటల్లో కొందరికి జ్వరం పెరిగి వణుకు వస్తుంది. ఒక్కసారిగా చచ్చిన బ్యాక్టీరియా రక్తంలో కలవడం వల్ల అలా అవుతుంది. మందు పడలేదని మానేయకుండా డాక్టరుకు చెప్పాలి. ఒంటి నొప్పులకు వేసుకునే డైక్లోఫినాక్ లాంటి బిళ్లలు కిడ్నీల మీద భారం పెంచుతాయి. అడక్కుండా వేసుకోకూడదు, ఆర్ఎంపీ చేత సూదులు వేయించుకోకూడదు.

ముందే మాత్ర వేసుకుంటే రాదా?

కొంతవరకు నిజమే. 1980ల్లో పనామా అడవుల్లో శిక్షణ పొందిన అమెరికా సైనికులకు వారానికి ఒకసారి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ ఇచ్చి చూశారు. మాత్ర వేసుకున్నవాళ్లలో ఒక్కరికి, ఉత్తి బిళ్ల వేసుకున్నవాళ్లలో 20 మందికి జబ్బు వచ్చింది. అండమాన్‌లో చేసిన అధ్యయనంలో మాత్రం మాత్ర బ్యాక్టీరియా సోకడాన్ని ఆపలేదు గానీ జబ్బుగా ముదరడాన్ని తగ్గించింది. 2018 వరదల్లో కేరళ ఆరోగ్య శాఖ నీళ్లలో దిగిన జనానికీ, సహాయక సిబ్బందికీ ఈ మాత్రలు పంచింది. వరదల్లో పనిచేసే సిబ్బందికీ, నీళ్లలో చిక్కుకున్నవాళ్లకూ కొద్ది వారాలకు ఇది పనికొస్తుంది. కానీ ప్రతి వానకూ తలా ఒక మాత్ర మింగడం తప్పు. డాక్టరు లేదా ఆరోగ్య కార్యకర్త చెబితేనే వేసుకోవాలి.

మన దగ్గర జనానికి వేసే టీకా లేదు. రకాలు అన్ని ఉండడం వల్ల ఒక రకానికి చేసిన టీకా ఇంకో రకం నుంచి కాపాడదు. పెంపుడు కుక్కలకు మాత్రం టీకాలున్నాయి, ఏటా వేయించాలి.

మరి రైతుకూలీ ఏం చేయాలి?

గమ్‌బూట్లు వేసుకోండి అని పుస్తకాల్లో రాస్తారు. మడిలో దిగి నాట్లు వేసే మనిషి కాలు గమ్‌బూటుతో బురదలోంచి పైకి రాదు. మురుగు తీసేవాళ్లకూ, కొట్టం కడిగేవాళ్లకూ, వరద బురద ఎత్తేవాళ్లకూ మాత్రం బూట్లు, చేతి తొడుగులు తప్పనిసరి. ఇవ్వాల్సిన బాధ్యత పని చేయించుకునేవాళ్లది. మడిలో పనిచేసేవాళ్లు చేయగలిగినవి ఇవి: గాయముంటే నీళ్లు చొరబడని పట్టీ వేసుకోవడం, కొత్త గాటున్న రోజు వీలైతే గట్టు మీది పని చేయడం, గట్టెక్కగానే బోరు నీళ్లతో, సబ్బుతో కాళ్లూ చేతులూ కడుక్కోవడం, తాగడానికి ఇంటి నుంచి నీళ్లు తెచ్చుకోవడం.

ఎలుకల నిర్మూలన ఒక్క రైతు చేస్తే ఫలితం ఉండదు, పక్క పొలం నుంచి మళ్లీ వస్తాయి. నాట్లకు ముందు ఊరంతా కలిసి గట్లు సన్నగా చెక్కి, బొరియల్లో మందు పెట్టాలి. ఇళ్లలో ధాన్యం బస్తాలు ఎత్తున పెట్టాలి, చెత్త వాకిట్లో పేరనివ్వకూడదు. చచ్చిన ఎలుకను ఒట్టి చేత్తో పట్టుకోకూడదు. బ్లీచింగ్ పౌడర్ చల్లి పూడ్చాలి. వరద తీశాక ఇల్లు ఊడ్చే ముందు బ్లీచింగ్ నీళ్లతో తడపాలి. పిల్లలను నిలిచిన నీళ్లలో ఆడుకోనివ్వకూడదు.

ఇవన్నీ చేసినా ఒక్కోసారి జ్వరం రావచ్చు. వచ్చినప్పుడు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, అడిగినా అడక్కపోయినా, మొదటి మాటగా చెప్పండి: “నెల లోపల నీళ్లలో, బురదలో తిరిగాను, ఎలుక జ్వరమేమో చూడండి.” రోగి తరఫున వెళ్లినవాళ్లయినా ఈ మాట చెప్పండి. తొలి రోజుల్లో ఈ మాట చెబితే వారం మాత్రలతో జబ్బు తీరిపోవచ్చు. చెప్పకపోతే ఐసీయూ దాకా పోవచ్చు.